ఏప్రిల్ 15: ఒక ఎదురుచూపు చరిత్ర

పొద్దున్నే మొహం కూడా కడుక్కోకుండా మెయిలు చూసుకోవడం గత నాలుగు నెలలుగా నాకు అలవాటైపోయింది. అమెరికాలో పగలంటే మనకి రాత్రి కదా, వాళ్ళు ఏం నిర్ణయించినా మనం నిద్రలో ఉండగానే నిర్ణయిస్తారు. లేచి చూసుకుంటే మన జాతకం ఇన్‌బాక్సులో ఉంటుంది, లేదా బ్యాంకు వాడి ఆఫరు ఉంటుంది. ఎక్కువ రోజులు బ్యాంకు వాడిదే.

విషయం ఏంటంటే, ఆరేళ్ళు హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం వెలగబెట్టాక నాకు మళ్ళీ చదువుకోవాలన్న బుద్ధి పుట్టింది. "ఇరవయ్యెనిమిదేళ్ళొచ్చాక ఇంకా చదువేంట్రా" అని మా పెద్దమ్మ అననే అంది. అయినా వినకుండా జీఆర్ఈ రాసి, పాత లెక్చరర్లని బతిమాలి ఉత్తరాలు రాయించుకుని, డిసెంబరులో ఏడు యూనివర్సిటీలకి దరఖాస్తు పెట్టాను. ఫిబ్రవరి, మార్చి గడిచేసరికి లెక్క ఇలా తేలింది. మూడు చోట్ల వద్దన్నారు. ఒకచోట వెయిటింగ్ లిస్టు. రెండుచోట్ల పీహెచ్‌డీకి స్టైపెండుతో సహా రమ్మన్నారు. ఇంకోచోట, చాలా పెద్ద పేరున్న చోట, ఎమ్మెస్‌కి రమ్మన్నారు గానీ పైసా ఇవ్వమన్నారు. జవాబు మాత్రం అందరికీ ఏప్రిల్ 15 లోపు చెప్పాలి.

ఈ ఏప్రిల్ 15 ఏంటి? అమెరికా వాళ్ళు ఇన్‌కంటాక్సు కట్టడానికీ అదే గడువు, పీహెచ్‌డీ కుర్రాళ్ళు జవాబు చెప్పడానికీ అదే గడువు. ఎవడు పెట్టాడీ తేదీ? మెయిలు రాని రాత్రుళ్ళు నిద్ర పట్టక దీని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను. తవ్వుతూ పోతే టెలిగ్రాములు, అర్ధరాత్రి డెడ్‌లైన్లు, విద్యార్థుల తిరుగుబాటు, రెండు మూడు నోబెల్ బహుమతులు బయటపడ్డాయి. నాకు తెలిసినంతలో ఆ కథ చెప్తాను.

మొదట 1948కి వెళ్దాం. పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ టెక్ అనే కాలేజీలో జాన్ నాష్ అనే కుర్రాడు చదువుతుండేవాడు. సినిమా పుణ్యమా అని మనలో చాలామందికి తెలిసిన పేరే. కెమికల్ ఇంజినీరింగులో చేరి, అది నచ్చక లెక్కల్లోకి దూకాడు. వాళ్ళ ప్రొఫెసర్ డఫిన్ రాసిన సిఫారసు ఉత్తరం నాలుగైదు లైన్లే. ఇతనికి పంతొమ్మిదేళ్ళు, జూన్‌లో డిగ్రీ అయిపోతుంది, గణితంలో మేధావి, అంతే. (నా కోసం ఉత్తరాలు రాసినవాళ్ళు తలా రెండు పేజీలు రాశారు. పేజీలు ఎక్కువైతేనే అనుమానించాలేమో.)

నాష్ చేతిలో హార్వర్డూ ఉంది, ప్రిన్స్‌టనూ ఉంది. రెండూ ఫెలోషిప్పు ఇస్తామన్నాయి. మరి ప్రిన్స్‌టనే ఎందుకెళ్ళాడు? 1994లో నోబెల్ వచ్చాక రాసుకున్న ఆత్మకథలో ఆయనే కారణాలు చెప్పాడు. ఒకటి, ప్రిన్స్‌టన్ వాళ్ళు కాస్త ఎక్కువ డబ్బు ఇచ్చారు. పట్నం అనే గణిత పోటీలో తను గెలవలేదు గనక హార్వర్డ్ వాళ్ళు చెయ్యి కాస్త బిగబట్టారని ఆయన లెక్క. రెండు, తను రావాలన్న ఆసక్తి ప్రిన్స్‌టన్ వాళ్ళలోనే ఎక్కువ కనిపించింది. అక్కడి ప్రొఫెసర్ టక్కర్ రమ్మంటూ స్వయంగా ఉత్తరం రాశాడు. మూడు, వాళ్ళ ఊరు బ్లూఫీల్డుకి ప్రిన్స్‌టన్ దగ్గర.

ఇది చదివి నేను కాసేపు అలా కూర్చుండిపోయాను. అంత మేధావి కూడా ర్యాంకింగుల పట్టిక ముందేసుకుని తూకం వెయ్యలేదు. డబ్బు, పిలుపు, ఇంటికి దూరం. మన ఊళ్ళో ఆడపిల్లకి సంబంధం చూసేటప్పుడు అడిగేవీ ఇవేగా!

నాష్‌కి రెండు ఆఫర్లున్నాయి గనక అతని బాధ చిన్నది. అసలు చిక్కు రెండోవైపు ఉంటుంది. పది సీట్లున్న డిపార్ట్‌మెంటు పదిమందికే కబురు పెడితే, అందులో ఆరుగురు వేరేచోటికి పోతారు. ఇరవైమందికి పెడితే, ఖర్మ కాలి ఇరవైమందీ వచ్చి కూర్చోవచ్చు. దీనికి తేలిక ఉపాయం ఒకటుంది. "మూడురోజుల్లో చెప్పకపోతే సీటు పోతుంది" అని బెదిరించడం. ఒకళ్ళు అలా చేస్తే పక్కవాడు రెండురోజులంటాడు, ఇంకోడు నెలరోజులు ముందే ఆఫర్లు మొదలెడతాడు. కుర్రాడు తనకిష్టమైన చోటినుంచి జవాబు రాకముందే, చేతికందిన దాన్ని భయంతో పట్టేసుకుంటాడు.

దీన్ని ఆపడానికే అమెరికాలోని గ్రాడ్యుయేట్ స్కూళ్ళ మండలి ఒక తీర్మానం చేసుకుంది. ఆ మండలి పుట్టింది 1961లో, తీర్మానం ఆ దశాబ్దంలోదే. స్టైపెండు, ఫెలోషిప్పు లాంటి ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 కంటే ముందు జవాబు చెప్పి తీరాలని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. సారాంశం అంతే. ఇది చట్టం కాదు, సంతకం పెట్టిన యూనివర్సిటీలు పెద్దమనుషుల్లా పాటించే ఒప్పందం. డబ్బులివ్వని ఎమ్మెస్ అడ్మిషన్లకి దీంతో సంబంధం లేదు. డిపాజిట్ కట్టమని మార్చిలోనే వెంటపడే ఎమ్మెస్ కోర్సులు ఎందుకున్నాయో నాకప్పుడు అర్థమైంది.

ఇలాంటి ఒప్పందం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే అమెరికా డాక్టర్ల కథ చూడాలి. ఇది నాకు బాగా నచ్చిన భాగం.

మెడిసిన్ అయిపోయిన కుర్రాళ్ళు ఆసుపత్రిలో ఇంటర్న్‌గా చేరాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆసుపత్రుల్లో ఇంటర్న్ ఖాళీలు ఎక్కువ, కుర్రాళ్ళు తక్కువ. దాంతో ప్రతి ఆసుపత్రీ పక్కవాడికంటే ముందు వల వెయ్యడం మొదలెట్టింది. చదువు చివర్లో జరగాల్సిన ఎంపిక ఏటా ముందుకి జరుగుతూ జరుగుతూ 1944 నాటికి ఉద్యోగంలో చేరడానికి రెండేళ్ళ ముందుకొచ్చింది. అంటే ఇంకా రోగిని సరిగ్గా చూడని పిల్లాడికి ఉద్యోగం ఖాయం చేసెయ్యడమన్నమాట. మన దగ్గర ఇంజినీరింగు మూడో ఏడులోనే క్యాంపస్ సెలెక్షన్లు జరిపేసినట్టు.

1945లో మెడికల్ కాలేజీలన్నీ కూడబలుక్కుని, ఫలానా తేదీకి ముందు విద్యార్థుల మార్కులు, సిఫారసు ఉత్తరాలు ఎవరికీ ఇవ్వకూడదని గట్టిగా పట్టుబట్టాయి. ముందుకి జరగడం ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు సమస్య ఇంకోచోట పొడుచుకొచ్చింది. ఆఫరు వచ్చిన కుర్రాడు, ఇంతకంటే మంచి ఆసుపత్రి వెయిటింగ్ లిస్టులో తన పేరు ఉంటే, ఆఖరి నిమిషం దాకా జవాబు చెప్పడు. అతను చివరి నిమిషంలో కాదంటే, ఆ సీటు ఎవరికివ్వాలన్నా అప్పటికి అందరూ ఎక్కడోచోట ఒప్పేసుకుని ఉంటారు. కుర్రాళ్ళు ఆలస్యం చేస్తున్నారని ఆసుపత్రుల గోల, తొందరపెడుతున్నారని కుర్రాళ్ళ గోల.

గడువు 1945లో పది రోజులు. అది ఏటా తగ్గుతూ వచ్చింది. 1949కి వచ్చేసరికి ప్రతిపాదన ఎలా ఉందంటే, నవంబరు 15 అర్ధరాత్రి దాటిన ఒక నిమిషానికి టెలిగ్రాములు వెళ్ళాలి, అదే రోజు మధ్యాహ్నం పన్నెండుకల్లా జవాబు చెప్పాలి. ఆ పన్నెండు గంటలు కూడా చాలా ఎక్కువని ఆసుపత్రుల సంఘం ఒప్పుకోలేదు! ఆ మరుసటేడు, ఈ పన్నెండు గంటల్లో టెలిగ్రాము వెనకాలే ఫోన్లు చేసి వేధించకూడదని ప్రత్యేకంగా ఒక నియమం రాసుకోవాల్సొచ్చింది. ఫోన్లు ఏ రేంజిలో చేసేవాళ్ళో ఊహించుకోండి.

ఇక లాభం లేదని, అందరి జాబితాలూ ఒకచోట చేర్చి, ఒకేసారి సరిపోల్చేద్దాం అనుకున్నారు. విద్యార్థి తనకి నచ్చిన ఆసుపత్రులని వరసగా రాస్తాడు, ఆసుపత్రి తనకి నచ్చిన విద్యార్థులని వరసగా రాస్తుంది. మిగతాది ఒక పద్ధతి ప్రకారం తేలిపోతుంది. 1951లో ఆ పద్ధతి వివరాలు బయటికొచ్చాయి. వచ్చీ రాగానే విద్యార్థులు అందులో తప్పు పట్టుకున్నారు. అందని ద్రాక్షని మొదటి స్థానంలో రాస్తే, అది దక్కకపోవడమే కాదు, నిజాయితీగా రాసినందుకు అందే ద్రాక్ష కూడా చేజారే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఈలోపు ఆ రెండోదాన్ని మొదటి స్థానంలో రాసుకున్నవాడు ఎగరేసుకుపోతాడు. అంటే అబద్ధం రాసినవాడికి లాభం, నిజం రాసినవాడికి నష్టం. బోస్టన్ ప్రాంతపు వైద్య విద్యార్థులు ముందుండి గొడవ చేశారు. పద్ధతి మార్చారు. 1952 నుంచి మారిన పద్ధతే నడిచింది. చేరమని ఎవరినీ బలవంతపెట్టకపోయినా తొలి ఏళ్ళలోనే 95 శాతం పైగా చేరారు. టెలిగ్రాముల రాత్రులు అంతటితో సరి.

ఇప్పుడు కాస్త పక్కకి వెళ్ళి 1960కి వద్దాం. డేవిడ్ గేల్ అనే గణితజ్ఞుడు న్యూయార్కర్ పత్రికలో యేల్ యూనివర్సిటీ అడ్మిషన్ల తిప్పల గురించి ఒక వ్యాసం చదివాడు. ఎవరొస్తారో ఎవరు రారో తెలియక కాలేజీ వాళ్ళు పడే అవస్థ. అందరికీ న్యాయంగా ఉండే పంపకం అంటూ ఒకటి ఎప్పుడూ ఉంటుందా అన్న ప్రశ్న ఆయనకి పట్టుకుంది. కొందరు మిత్రులకి ఉత్తరాలు రాశాడు. వాళ్ళలో ఒకడైన లాయిడ్ షేప్లీ ఉంటుందని చెప్పి, ఎలాగో కూడా రాసి పంపించాడు. అన్నట్టు ఈ గేలూ షేప్లీ ఇద్దరూ పీహెచ్‌డీ చేసింది నాష్ వెళ్ళిన ఆ ప్రిన్స్‌టన్‌లోనే. నాష్ తన ఆలోచన చెప్తే, దాన్ని వెంటనే అచ్చువేయించుకో అని పోరింది కూడా ఈ గేలే. ఉత్తరం రాసి పిలిచినచోటికి వెళ్తే స్నేహాలెలా ఉంటాయో చూడండి.

1962లో వీళ్ళిద్దరూ వేసిన పేపరు ఏడు పేజీలు. ఒక్క సమీకరణం కూడా లేకుండా మామూలు భాషలో నిరూపణ. దాన్ని మన ఊళ్ళకి అన్వయించి చెప్తాను.

రాము, లత, సలీం. వరంగల్, విజయవాడ, కాకినాడల్లో తలా ఒక్క సీటు. రాముకీ లతకీ వరంగల్ మొదటిది, విజయవాడ రెండోది, కాకినాడ ఆఖరు. సలీంకి విజయవాడ, వరంగల్, కాకినాడ. వరంగల్ వాళ్ళ వరస సలీం, లత, రాము. విజయవాడ వాళ్ళది రాము, లత, సలీం.

మొదటి రౌండులో రాము, లత వరంగల్ తలుపు తడతారు, సలీం విజయవాడకి వెళ్తాడు. వరంగల్ లతని ఉంచుకుని రాముని పొమ్మంటుంది. ఇక్కడే కిటుకంతా ఉంది. ఉంచుకుంటుంది, అంతేగానీ ఖాయం చెయ్యదు. రాము విజయవాడకి వెళ్తాడు. వాళ్ళకి రామంటేనే ఎక్కువ ఇష్టం కాబట్టి సలీంని వదిలేస్తారు. సలీం వరంగల్ వస్తాడు, అక్కడ లత సీటు పోతుంది. లత విజయవాడ వెళ్తే రాముని దాటలేదు. చివరికి కాకినాడ. అయిపోయింది.

లతకి అన్యాయం జరిగిందా? వరంగల్ మీద ఆశ ఉంది గానీ, వరంగల్ వాళ్ళకి తనకంటే సలీం ఇష్టం. విజయవాడ వాళ్ళకి తనకంటే రాము ఇష్టం. మనం ఇద్దరం చాటుగా మాట్లాడుకుని వేరేగా కలుద్దాం అనే జంట ఎక్కడా మిగల్లేదు. దీన్నే వాళ్ళు స్థిరత్వం అన్నారు. ఎంతమంది ఉన్నా, ఎన్ని కాలేజీలున్నా ఇలాంటి పంపకం ఒకటి కచ్చితంగా దొరుకుతుందని నిరూపించారు. అడిగేవాళ్ళు విద్యార్థులైతే, సాధ్యమైన స్థిరమైన పంపకాలన్నిట్లో ప్రతి విద్యార్థికీ మంచిదే దక్కుతుంది. కాలేజీలు అడిగితే మంచి వాటా కాలేజీలకి పోతుంది. ఎవరు ముందు అడుగుతారన్నది అంత తేడా చేస్తుంది.

ట్విస్టేంటంటే, 1984లో ఆల్విన్ రాత్ అనే ఆర్థికవేత్త ఆ పాత డాక్టర్ల పద్ధతిని తీసి పరీక్షిస్తే, అదీ ఇదీ నిజానికి ఒకటేనని తేలింది. గేల్, షేప్లీ కంటే పదేళ్ళ ముందే, ఏ సిద్ధాంతమూ లేకుండా, దెబ్బలు తిని తిని డాక్టర్లు అక్కడికే చేరుకున్నారు. కాకపోతే అందులో అడిగే వంతు ఆసుపత్రులది. మళ్ళీ విద్యార్థుల నుంచి నిరసన వచ్చింది. రాత్ సాయంతోనే దాన్ని విద్యార్థులు అడిగేట్టు తిరగరాసి 1998 నుంచి అమలు చేశారు. అమెరికాలో రెసిడెన్సీ కోసం మార్చి నెలలో మ్యాచ్ రోజున గుండె చేత్తో పట్టుకుని కూర్చునే మన తెలుగు డాక్టర్లందరి తలరాతా రాసేది ఈ పద్ధతే. 2012లో రాత్‌కీ షేప్లీకీ అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. గేల్ 2008లోనే పోయాడు. బతికున్నవాళ్ళకే ఇస్తారు కదా, అది.

ఇక మన సంగతి. మా పెద్దమ్మ కొడుకు మా అన్నయ్య ఎంసెట్ రాసిన రోజుల్లో కౌన్సెలింగంటే మనిషి వెళ్ళాల్సిందే. తన ర్యాంకు పిలిచేలోపు తనకి కావాల్సిన కాలేజీలో సీట్లు ఒక్కొక్కటీ తగ్గిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో ఇప్పటికీ చెప్తాడు. నా వంతు వచ్చేసరికి వెబ్ ఆప్షన్లు. నేనూ అమ్మా లాంగ్ నోట్‌బుక్కులో గీతలు కొట్టుకుని నూటముప్ఫై ఆప్షన్లు రాశాం. నాన్న "మంచి కాలేజీ పైన పెడితే రాదేమోరా, వచ్చేదే పైన పెట్టు" అన్నాడు. 1951లో బోస్టన్ కుర్రాళ్ళ భయం అచ్చంగా అదే! కానీ ర్యాంకు ప్రకారం ఒక్కొక్కర్నే తీసి, వాళ్ళ జాబితాలో పైనుంచి ఖాళీ ఉన్నదిచ్చే పద్ధతిలో ఆ భయం అక్కర్లేదు. ఆ సంగతి అప్పుడు నాకూ తెలీదు. నాన్న మాట విని మూడు కాలేజీలు కిందకి దింపాను. అది వేరే కథ.

2015లో ఐఐటీలు, ఎన్ఐటీలు కలిసి జోసా పేరుతో ఉమ్మడిగా సీట్లు ఇవ్వడం మొదలెట్టాయి. అంతకుముందు ఎవరి కౌన్సెలింగు వాళ్ళది. ఒకే పిల్లాడు రెండుచోట్లా సీటు పట్టుకు కూర్చునేవాడు, ఒకటి వదిలేసేసరికి తీసుకునేవాడు ఉండేవాడు కాదు. జోసాలో వాడింది గేల్, షేప్లీల పద్ధతినే, మన రిజర్వేషన్లకి తగ్గట్టు మార్చి. ఐఐటీల్లో ఖాళీగా మిగిలే సీట్లు బాగా తగ్గాయి.

మరి పీహెచ్‌డీలకి కూడా ఇలా ఒకటి పెట్టొచ్చుగా? పెట్టడం కష్టమే అనిపిస్తుంది నాకు. సీటు సీటులా ఉంటే సరిపోల్చొచ్చు. ఇక్కడ ఒకడి స్టైపెండు వేరు, ఒకరి ప్రొఫెసర్ వేరు, వెళ్ళి చూసొచ్చాక మనసు మారుతుంది. కాబట్టి రాము, లత, సలీం తిరిగిన ఆ తిరుగుడంతా ఇక్కడ కంప్యూటర్లో కాకుండా మనుషుల ఇన్‌బాక్సుల్లో జరుగుతుంది. ఒకరు కాదంటేనే ఇంకొకరికి తలుపు తెరుచుకుంటుంది. ఏప్రిల్ 15 అనేది ఆ లూపు ఎక్కడోచోట ఆగడానికి పెట్టిన కండిషను మాత్రమే.

ఇక్కడికొచ్చేసరికి నాకు సిగ్గేసింది. ఎందుకంటే నా దగ్గర రెండు స్టైపెండు ఆఫర్లున్నాయన్నాను కదా, అందులో ఒకదానికి నేను వెళ్ళనని నాకు మార్చి మొదట్లోనే తెలుసు. అక్కడ నా సబ్జెక్టులో పనిచేసే ప్రొఫెసరు వేరేచోటికి వెళ్ళిపోతున్నాడు. అయినా కాదనలేదు. "రెండు పీహెచ్‌డీ ఆఫర్లు" అని ఆఫీసులో చెప్పుకోవడానికి బావుంది, అంతే. నేనేమో ఇంకోచోట వెయిటింగ్ లిస్టులో ఉండి, పైనున్న మహానుభావులు ఎప్పుడు కదులుతారా అని రోజూ తిట్టుకుంటున్నాను. నా కింద ఇంకెవరో ఉండి నన్నలాగే తిట్టుకుంటూ ఉంటారని తట్టనేలేదు. మార్చి 29 రాత్రి మూడు లైన్ల మెయిలు రాసి ఆ సీటు వదిలేశాను. అరగంటలో "తెలియజేసినందుకు కృతజ్ఞతలు" అని జవాబొచ్చింది. ఈ నాలుగు నెలల్లో వాళ్ళు అంత త్వరగా ఇచ్చిన జవాబు అదే!

మిగిలింది రెండు. పెద్ద పేరు, పెద్ద నగరం, రెండేళ్ళ ఎమ్మెస్, అప్పు. లేదా చిన్న ఊరు, మంచు, ఐదేళ్ళు, స్టైపెండు. నాన్న ఫోన్లో "పెద్దదానికే వెళ్ళు నాన్నా, తెనాలి దగ్గర ఎకరంన్నర ఊరికే ఉందిగా, బ్యాంకులో పెడదాం" అన్నాడు. ఊరికే ఏం లేదు, అందులో ఏటా మినుము వేస్తాడు. ఎమ్మెస్‌కి వెళ్తే మొదటి సెమిస్టరు నుంచే నా బుర్రలో ఆ ఎకరంన్నరే ఉంటుంది, చదువు ఉండదు.

చిన్న ఊరి ప్రొఫెసరు మాత్రం ఫిబ్రవరిలోనే తనే మెయిలు రాసింది. ఆఫీసు వాళ్ళు పంపే అచ్చు ఉత్తరం కాదు. నా దరఖాస్తులో నేను చేసిన ఒక తప్పుని ఎత్తి చూపించి, దీని గురించి వచ్చాక మాట్లాడుకుందాం అంది. నాష్‌కొచ్చిన టక్కర్ ఉత్తరంలో ఏముందో నాకు తెలీదు గానీ, నా మట్టుకు నాకు అదే టక్కర్ ఉత్తరం.

వెయిటింగ్ లిస్టు వాళ్ళ కబురు ఏప్రిల్ 12 దాకా చూశాను. రాలేదు. ఆ రాత్రి చిన్న ఊరికి వస్తానని రాసేశాను, పెద్ద పేరుకి రానని రాశాను, వెయిటింగ్ లిస్టులోంచి నా పేరు తీసెయ్యమనీ రాశాను. డబ్బు, పిలుపు, ఇంటికి దూరం. మూడోదాంట్లో ఫెయిలయ్యాను, ఏ యూనివర్సిటీ అయినా తెనాలికి దూరమే. మూడింట్లో రెండు కలిశాయి, చాలు.

పొద్దున్నే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే ఈ ఏడు మినుమే వెయ్యనా?" అన్నాడు.

వెయ్యి నాన్నా అన్నాను.